స్థానిక కోర్టు జడ్జికి ఎంత జీతం న్యాయం?

ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా కొత్తగా జూనియర్ సివిల్ జడ్జిగా చేరినవారి మూలవేతనం ఇవాళ రూ.77,840తో మొదలవుతుంది. కరువు భత్యం, ఇంటి అద్దె, మిగతా భత్యాలు దీనికి అదనం. ఈ అంకె బయటికి రాగానే రెండు వాదనలు లేస్తాయి. ఐఏఎస్ అధికారి మొదటి మూలవేతనం రూ.56,100 అయినప్పుడు జడ్జికి అంతెందుకని కొందరు అడుగుతారు. అదే కోర్టులో పేరున్న వకీలు సంపాదనతో పోలిస్తే ఇదో జీతమా అని మరికొందరు అంటారు. రెండు వాదనలూ అంకె దగ్గరే ఆగిపోతాయి. ఆ 77,840 ఏ లెక్కన వచ్చింది, ఎవరు ఖాయం చేశారు, 2016 జనవరి 1 నుంచి దక్కాల్సింది పూర్తిగా ఎప్పుడు దక్కింది అన్నవి చర్చకే రావు. ముప్పై ఏళ్లకు పైగా సాగిన తీర్పులు, కమిషన్ నివేదికలు, ప్రభుత్వాల అభ్యంతరాలు కలిపి చదివితే నాకు తేలిన విషయం ఒకటే. మన దేశంలో స్థానిక కోర్టు జడ్జి జీతం ఎంత ఉండాలన్నది చాలావరకు తేలిపోయింది. దాన్ని ఎవరు, ఏ గడువులో, ఏ పద్ధతిలో నిర్ణయించాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. మిగిలిన అన్యాయమంతా అక్కడే ఉంది.

ఆ కుర్చీలో పని

జీతం సంగతి మాట్లాడే ముందు పని సంగతి చూడాలి. చిన్న పట్టణంలోని కోర్టులో జూనియర్ సివిల్ జడ్జి చాలాచోట్ల ప్రథమ శ్రేణి జ్యుడీషియల్ మేజిస్ట్రేటు కూడా. పొద్దున బెంచి ఎక్కగానే కేసుల పిలుపు మొదలవుతుంది. ప్రామిసరీ నోటు దావా, గట్టు తగాదాలో ఇంజంక్షన్ పిటిషన్, మనోవర్తి కేసు, చెక్ బౌన్స్, గృహహింస ఫిర్యాదు, కొట్లాట కేసు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒకదానిలో వాయిదా ఇవ్వాలి, ఇంకోదానిలో సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్ రికార్డు చేయించాలి, మరోదానిలో వాదనలు వినాలి. కోర్టు లేచాక పని అయిపోదు. అరెస్టు చేసిన వ్యక్తిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. అందుకే ఆదివారమైనా, పండగైనా, రాత్రయినా పోలీసులు ముద్దాయిని తీసుకుని మేజిస్ట్రేటు ఇంటికి వస్తారు. ఒంటిమీద దెబ్బలున్నాయా, అరెస్టుకు కారణం చెప్పారా, రిమాండు నిజంగా అవసరమా అని చూడాల్సింది అక్కడే, అప్పుడే. పౌరుడి స్వేచ్ఛకు మొదటి కాపలా సుప్రీంకోర్టు కాదు, ఈ మేజిస్ట్రేటు. పక్క కోర్టులో ఖాళీ ఉంటే ఇన్‌ఛార్జి బాధ్యత కూడా ఈ జడ్జి నెత్తినే పడుతుంది. తీర్పులు రాసుకునేది చాలావరకు రాత్రిపూటే.

దీనికి తోడు కొన్నేళ్లకోసారి బదిలీ తప్పదు. పనిచేసే ఊళ్లో వకీళ్లతో, వ్యాపారులతో, నాయకులతో కలిసిమెలిసి తిరగడానికి వీల్లేదు. ఇంకో సంపాదన చూసుకోవడానికి వీల్లేదు. ఇంటి యజమానే రేపు కక్షిదారు కావచ్చు కాబట్టి అద్దె ఇల్లు చూసుకోవడమూ చిక్కే. జడ్జి జీతంలో పనికి ప్రతిఫలంతో పాటు ఈ ఒంటరితనానికి పరిహారం కూడా కలిసి ఉండాలని వాదించేది ఇందుకే.

రాజ్యాంగం వదిలేసిన ఖాళీ

సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తుల జీతాలకు రాజ్యాంగంలో స్పష్టమైన రక్షణ ఉంది. 125, 221 అధికరణాల ప్రకారం వాటిని పార్లమెంటు చట్టంతో నిర్ణయిస్తుంది. ఆ ఖర్చు సంచిత నిధిపై నేరుగా పడుతుంది, చట్టసభలో దానిపై ఓటింగు ఉండదు. నియామకం తర్వాత వారి భత్యాలను, సెలవు, పింఛను హక్కులను వారికి నష్టం కలిగేలా మార్చకూడదు. ఆర్థిక అత్యవసర పరిస్థితిలో మాత్రం 360వ అధికరణం కింద జీతం తగ్గించే వీలుంది.

జిల్లా న్యాయవ్యవస్థ గురించి చెప్పే 233 నుంచి 237 వరకు అధికరణాల్లో ఇలాంటి రక్షణ కనిపించదు. నియామకం ఎలా, అజమాయిషీ ఎవరిది అన్నవి ఉన్నాయి. 235వ అధికరణం అజమాయిషీని హైకోర్టుకు అప్పగించింది. జీతం మాత్రం రాష్ట్ర ప్రభుత్వ నిబంధనలకు, రాష్ట్ర ఖజానాకు మిగిలింది. కార్యనిర్వాహక వర్గం నుంచి న్యాయవ్యవస్థను వేరు చేయాలని 50వ అధికరణం రాజ్యానికి చెబుతోంది. ఆచరణలో మాత్రం, రోజూ ప్రభుత్వం కక్షిదారుగా ఉండే కేసులు వినే జడ్జి జీతం ఫైలు అదే ప్రభుత్వపు ఆర్థిక శాఖలో కదలాలి. ఈ ఖాళీని పూడ్చడానికే ముప్పై ఏళ్ల వ్యాజ్యం నడిచింది.

రాజ్యాంగ రక్షణ ఉంటే సరిపోతుందా అంటే అదీ కాదు. 1950లో హైకోర్టు జడ్జి జీతం నెలకు రూ.3,500గా రాజ్యాంగంలోనే రాశారు. దాన్ని రూ.8,000 చేసింది 1986లో, 54వ సవరణతో. మధ్యలో 36 ఏళ్లు ధరలు పెరిగాయి, రూపాయి విలువ పడిపోయింది, అంకె కదల్లేదు. జీతాన్ని ఎవరూ కోయకుండా కాపాడగలిగారు గానీ కాలం కోసేయకుండా కాపాడలేకపోయారు. న్యాయమైన జీతానికి రెండు రక్షణలూ కావాలన్నది ఈ చరిత్ర చెప్పే మొదటి పాఠం.

పాత రోజుల వాసన

ఈ సమస్య రాజ్యాంగం కంటే చాలా పాతది. 1793లో గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ బెంగాల్‌లో కోర్టులను పునర్వ్యవస్థీకరించినప్పుడు, ఆంగ్లేయ అధికారులు లంచాలకు దిగకూడదంటే జీతాలు బాగుండాలని వాదించి పెంచాడు. చిన్న దావాలు విన్న దేశీయ మునసబులకు మాత్రం జీతం లేదు, దావాల రుసుములోంచి వాటా వచ్చేది. ఎన్ని దావాలు వస్తే అంత ఆదాయం. నిజాయితీకి జీతం అవసరమన్న సూత్రాన్ని పై మెట్టు మీదివాళ్లకే వర్తింపజేశారన్నమాట.

ఈ తేడాను గట్టిగా ఎత్తిచూపినవారిలో మన దత్తమండలాలకు కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో ఒకడు. దేశీయులను నమ్మకుండా, తగిన జీతం ఇవ్వకుండా, ఆ తర్వాత వారిలో నిజాయితీ లేదనడం తగదని ఆయన పదే పదే రాశాడు. మద్రాసు రాజధానిలో 1816 నిబంధనలతో గ్రామ మునసబులకు, జిల్లా మునసబులకు అధికారాలు దక్కడంలో ఆయన పాత్ర పెద్దది. మునసబు కోర్టు అన్న మాట తెలుగువాళ్ల నాలుక మీద అంతకాలం నిలిచిందంటే ఆ వ్యవస్థ ఊళ్లలోకి ఎంత లోతుగా పాకిందో తెలుస్తుంది. స్వాతంత్ర్యం వచ్చాక ఎం.సి.సెతల్వాడ్ అధ్యక్షతన లా కమిషన్ 1958లో ఇచ్చిన 14వ నివేదిక కూడా దిగువ కోర్టుల్లో జీతాలు, వసతులు ప్రతిభావంతులను ఆకర్షించేలా లేవని చెప్పింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలపాటు పెద్దగా కదలిక లేదు.

జడ్జీలు కోర్టు మెట్లెక్కిన కథ

1989లో ఆలిండియా జడ్జెస్ అసోసియేషన్ సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ వేసింది. అప్పటికి ఒక రాష్ట్రంలో మునసబు అనే హోదాను ఇంకో రాష్ట్రంలో మరో పేరుతో పిలిచేవారు. జీతాలకూ పదవీ విరమణ వయసుకూ ఒక పోలిక ఉండేది కాదు. 1991 నవంబరులో ప్రధాన న్యాయమూర్తి రంగనాథ్ మిశ్రా నాయకత్వంలోని ధర్మాసనం హోదాలన్నీ ఒకే తీరుగా ఉండాలని, విరమణ వయసు 60 చేయాలని, జడ్జీలకు నివాస వసతి, ఇంట్లో పనికొచ్చే గ్రంథాలయం, ఉద్యోగంలో ఉండగా శిక్షణ కల్పించాలని ఆదేశించింది.

ప్రభుత్వాలు పునఃసమీక్ష కోరాయి. జడ్జీలకు పెంచితే మిగతా ఉద్యోగులందరూ అడుగుతారన్నది వాటి ప్రధాన అభ్యంతరం. 1993 ఆగస్టులో జస్టిస్ పి.బి.సావంత్ రాసిన తీర్పు దీనికి సూటిగా జవాబిచ్చింది. జడ్జీలు ప్రభుత్వ ఉద్యోగులు కారని, మంత్రులు, శాసనసభ్యుల మాదిరిగా రాజ్యాధికారాన్ని ప్రయోగించేవారని, కాబట్టి వారిని పరిపాలనా సిబ్బందితో పోల్చకూడదని చెప్పింది. ఈ ఒక్క వాదం మీదే తర్వాతి కట్టడమంతా నిలబడింది. జడ్జీల జీతం కోసం విడిగా కమిషన్ ఉండాలన్న మాట బలపడింది కూడా ఇక్కడి నుంచే.

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. 2022 ఫిబ్రవరి 3న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగులు పీఆర్సీపై నిరసనగా ‘చలో విజయవాడ’కు వేల సంఖ్యలో కదిలారు. ప్రభుత్వంతో చర్చలు జరిగాయి. తమ జీతం గురించి వీధిలోకి వచ్చి అడిగే హక్కు, బేరమాడే హక్కు ఉద్యోగులకు ఉన్నాయి, ఉండాలి. జడ్జి ఆ పని చేయలేడు. రేపు తన ముందుకు కక్షిదారుగా వచ్చే ప్రభుత్వంతో ఇవాళ బేరానికి కూర్చోలేడు. జడ్జికి మిగిలిన దారల్లా కోర్టే. ఆ దారిలో కూడా జడ్జీల కేసును జడ్జీలే విన్నారన్న మాట తప్పదు. వేరే వేదిక లేనప్పుడు వినక తప్పదని న్యాయశాస్త్రం ఒప్పుకుంటుంది. జనం కంటికి అది ఎప్పుడూ కొంత ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఆ ఎబ్బెట్టును పోగొట్టే బాధ్యత ప్రభుత్వాలది. అవి సకాలంలో తగిన పద్ధతి ఏర్పరచి ఉంటే ఈ వ్యాజ్యాల అవసరమే ఉండేది కాదు.

మూడు విడతలు, ఒకే నిష్పత్తి

మొదటి జాతీయ న్యాయ వేతన కమిషన్ 1996 మార్చిలో జస్టిస్ కె.జగన్నాథ శెట్టి అధ్యక్షతన ఏర్పడి, 1999 నవంబరులో నివేదిక ఇచ్చింది. జూనియర్ సివిల్ జడ్జికి ప్రారంభ వేతనం రూ.9,000, సీనియర్ సివిల్ జడ్జికి రూ.12,850, జిల్లా జడ్జికి రూ.16,750 ఉండాలంది. 2002 మార్చి 21న సుప్రీంకోర్టు దీన్ని చాలావరకు ఆమోదించింది. ఖర్చులో సగం కేంద్రం భరించాలన్న శెట్టి కమిషన్ సిఫార్సును మాత్రం ఒప్పుకోలేదు. మొత్తం భారం రాష్ట్రాలదే అంది.

రెండో విడత 2009లో జస్టిస్ ఇ.పద్మనాభన్ ఏకసభ్య కమిటీతో నడిచింది. సిఫార్సులు 2006 జనవరి 1 నుంచి వర్తించాయి, సుప్రీంకోర్టు ఆమోదం 2010లో వచ్చింది. ప్రారంభ వేతనాలు వరుసగా రూ.27,700, రూ.39,530, రూ.51,550 అయ్యాయి.

మూడో విడతలో తెలుగువారి పాత్ర ఎక్కువ. 2017 మేలో సుప్రీంకోర్టు ఆదేశించిన రెండో జాతీయ న్యాయ వేతన కమిషన్‌కు అధ్యక్షుడు మన హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ పి.వెంకటరామరెడ్డి, సభ్యుడు కేరళ హైకోర్టు పూర్వ న్యాయమూర్తి ఆర్.బసంత్. 2018 మార్చిలో 30 శాతం మధ్యంతర భృతి ఇప్పించారు. 2020 జనవరిలో నివేదిక వచ్చింది. వేతన నిర్మాణాన్ని 2022 జులై 27న ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ ధర్మాసనం ఆమోదించింది. పింఛను తదితర అంశాలపై 2023 మే 19న జస్టిస్ పి.ఎస్.నరసింహ తీర్పు రాశారు. భత్యాల సంగతి 2024 జనవరి 4న తేలింది. ప్రారంభ వేతనాలు ఈసారి రూ.77,840, రూ.1,11,000, రూ.1,44,840 అయ్యాయి.

ఈ అంకెల పక్కన హైకోర్టు జడ్జి జీతం పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఆ మూడు దశల్లో హైకోర్టు జడ్జి జీతం రూ.26,000, రూ.80,000, రూ.2,25,000. జూనియర్ సివిల్ జడ్జి ప్రారంభ వేతనాన్ని దానితో భాగిస్తే మూడుసార్లూ 34.6 శాతమే వస్తుంది. జిల్లా జడ్జికి మూడుసార్లూ 64.4 శాతమే వస్తుంది. అంటే శెట్టి కమిషన్ గీసిన గీత అప్పటి నుంచి చెదరలేదు. తర్వాతివారు చేసిందల్లా హైకోర్టు జీతం ఎన్ని రెట్లు పెరిగితే కింది జీతాలను అన్ని రెట్లు పెంచడం. మూడో విడతలో వాడిన 2.81 గుణకం కూడా 80,000 నుంచి 2,25,000కు జరిగిన పెరుగుదలే. కేంద్ర ఉద్యోగులకు వాడిన 2.57 ఎందుకు సరిపోదని ప్రభుత్వాలు వాదించాయి. 2023 ఏప్రిల్‌లో కోర్టు ఆ పునఃసమీక్ష పిటిషన్లను తోసిపుచ్చింది.

2.81 రెట్లంటే దాదాపు మూడింతలు పెరిగిందని బయట ప్రచారం జరిగింది. నిజానికి 2016 జనవరి నాటికి కేంద్రం ప్రకటించిన కరువు భత్యం 125 శాతం. పాత రూ.27,700కు అది కలిపితే రూ.62,325 అవుతుంది. కొత్త మూలవేతనంలో ఆ భత్యం కలిసిపోయింది. కాబట్టి అసలు పెరుగుదల 62,325 నుంచి 77,840కి, అంటే పదేళ్లకు దాదాపు 25 శాతం. ఇది చిన్న పెరుగుదల కాదు, అలాగని దోపిడీ అనదగ్గదీ కాదు.

కొలబద్ద ఎవరిది?

ఈ నిష్పత్తిలో ఒక గుణం ఉంది. ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య దూరం స్థిరంగా ఉంది, దేశమంతటా ఒకే లెక్క నడుస్తోంది, వ్యక్తుల ఇష్టాయిష్టాలకు తావు లేదు. 2023 తీర్పు కూడా మన న్యాయవ్యవస్థ ఏకీకృతమైనదని, హైకోర్టు జడ్జీ జిల్లా జడ్జీ మౌలికంగా ఒకే పని చేస్తారని, కాబట్టి ఒకరి పెరుగుదలే ఇంకొకరికీ వర్తించాలని చెప్పింది. నాకు ఆ తర్కం సబబుగానే తోస్తుంది.

అయితే గొలుసును పైకంటా లాగితే ఒక ఇబ్బందికరమైన విషయం కనిపిస్తుంది. హైకోర్టు జడ్జికి 26,000 ఉన్న రోజుల్లో కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి జీతమూ 26,000. అది 80,000 అయినప్పుడు ఇదీ 80,000. అది 2,25,000 అయినప్పుడు ఇదీ 2,25,000. అంటే కేంద్ర వేతన సంఘం ముందు కార్యదర్శి జీతం తేలుస్తుంది, దానితో హైకోర్టు జడ్జిది ముడిపడుతుంది, దాని నుంచి ఊళ్లో ఉన్న జూనియర్ సివిల్ జడ్జిది తేలుతుంది. జడ్జిని పరిపాలనా అధికారితో పోల్చకూడదని 1993 నుంచి చెబుతూ వచ్చిన సూత్రానికి ఆచరణలో మొదటి ముడి పడింది అధికారి జీతం దగ్గరే. జడ్జి పనిని పనిగా కొలిచే సొంత కొలబద్ద ఇప్పటికీ మనకు లేదు. కేసుల ఒత్తిడి, రాత్రింబవళ్ల రిమాండ్లు, బదిలీలు, సామాజిక ఒంటరితనం, అనుభవమున్న వకీలు వదులుకునే ఆదాయం, ఇవన్నీ నివేదికల్లో చర్చకు వచ్చినా గుణకంలో కనిపించవు.

ఇప్పుడు ఈ లోటు ఇంకా ముఖ్యమైంది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేస్తూ 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1993లో పెట్టిన ఈ నిబంధనను 2002లో తీసేశారు, మళ్లీ తెచ్చారు. కాలేజీ నుంచి నేరుగా వచ్చే అభ్యర్థికీ, మూడు నాలుగేళ్లు కోర్టులో తిరిగి కక్షిదారులను సంపాదించుకున్న అభ్యర్థికీ ఒకే ప్రారంభ వేతనం ఆకర్షణీయంగా ఉంటుందా? అనుభవం కావాలని అడిగినప్పుడు ఆ అనుభవానికి వెల కట్టాలి కూడా.

రాష్ట్రాల మాటలోనూ బరువుంది

ప్రభుత్వాలన్నీ పిసినారితనంతోనే అడ్డుపడ్డాయనడం న్యాయం కాదు. దేశమంతటా ఒకే జీతం అని నిర్ణయించేది ఢిల్లీలో, చెల్లించేది రాష్ట్ర ఖజానా. ఒక్కో రాష్ట్రం ఆదాయం ఒక్కోలా ఉంటుంది, సొంత ఉద్యోగులకు ఇచ్చే ఫిట్‌మెంట్ వేరుగా ఉంటుంది. తెలంగాణ 2021లో 30 శాతం ఫిట్‌మెంట్ ప్రకటిస్తే ఆంధ్రప్రదేశ్ మరుసటేడు 23 శాతం దగ్గర ఆగింది. ఒకే ప్రాంగణంలో పనిచేసే కోర్టు సిబ్బంది, పోలీసులు, ప్రాసిక్యూటర్లు ఒక లెక్కలో, జడ్జీలు ఇంకో లెక్కలో ఉండటం పాలకులకు సర్దిచెప్పుకోవడం కష్టమే.

అయినా ఈ అభ్యంతరానికి సమాధానం జీతం తగ్గించడంలో లేదు, భారం పంచుకోవడంలో ఉంది. స్థానిక కోర్టులు కేంద్ర చట్టాలనూ అమలు చేస్తాయి. భారతీయ న్యాయ సంహిత, చెక్ బౌన్స్‌ను నేరంగా మార్చిన సవరణ, గృహహింస చట్టం పార్లమెంటు చేసినవే. కొత్త చట్టం చేసిన ప్రతిసారీ కేసుల బరువు రాష్ట్ర కోర్టుల మీదే పడుతుంది. శెట్టి కమిషన్ సగం కేంద్రం భరించాలన్నది ఈ దృష్టితోనే సమంజసం. 2002లో కోర్టు దాన్ని పక్కన పెట్టడం వల్ల తర్వాతి రెండు విడతల్లోనూ రాష్ట్రాల ప్రతిఘటనకు బలమైన సాకు దొరికిందని నా అభిప్రాయం. ఆ సిఫార్సును మళ్లీ బయటికి తీయాలి.

ఆలస్యానికి మాత్రం సమర్థన లేదు. మొదటి విడతలో అమలు తేదీకీ సుప్రీంకోర్టు ఆమోదానికీ మధ్య దాదాపు ఆరేళ్లు, రెండో విడతలో నాలుగేళ్లు, మూడో విడతలో ఆరున్నరేళ్లు పట్టాయి. భత్యాలపై తీర్పు వచ్చాక కూడా చెల్లించని పలు రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులను 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు పిలిపించాల్సి వచ్చింది. మధ్యంతర భృతి పనిలో ఉన్నవారిని కొంత ఆదుకుంది. ఆ మధ్యలో విరమించినవారి, చనిపోయినవారి కుటుంబాల సంగతి వేరు. వాళ్ల పింఛను లెక్కలు తేలడానికి ఇంకో తీర్పు కావాల్సి వచ్చింది.

పింఛనులో ఇంకో చిక్కుముడి కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి ఉద్యోగి వాటాతో నడిచే కొత్త పింఛను పథకం (సీపీఎస్) వర్తిస్తుంది. జడ్జీలకు కొత్త పింఛను పథకం తగదని, పాత పద్ధతే ఉండాలని వెంకటరామరెడ్డి కమిషన్ సిఫార్సు చేసింది. విరమణ తర్వాత బతుకు మీద భయం ఉన్న జడ్జి, విరమణకు ముందే తర్వాతి పదవి కోసం చూపు తిప్పే ప్రమాదం ఉందన్నది దీని వెనకున్న ఆలోచన. జీతం ఎంత ముఖ్యమో పింఛనూ అంతే ముఖ్యమనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

జీతం వాయిదా వేయడం కూడా కోత లాంటిదేనని మన దగ్గరే ఒక కేసు తేల్చింది. 2020 మార్చి చివర్లో కోవిడ్ కారణంగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీతాలు, పింఛన్లలో కొంత భాగాన్ని వాయిదా వేసింది. ఒక విశ్రాంత జిల్లా జడ్జి దీనిపై ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. అది జడ్జీల కోసం మాత్రమే కాదు, ఉద్యోగులు, పింఛనుదార్లందరి కోసం. వాయిదా పడ్డ మొత్తంపై 12 శాతం వడ్డీ ఇవ్వాలని హైకోర్టు ఆదేశించింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని 6 శాతానికి తగ్గించినా, జీతం సకాలంలో అందుకోవడం హక్కు అన్న సూత్రాన్ని నిలబెట్టింది.

ఇతర దేశాలు ఏం చేశాయి?

కెనడా అనుభవం మనకు అన్నిటికన్నా దగ్గరగా ఉంది. 1990లలో బడ్జెట్ లోటు పేరుతో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్, ఆల్బెర్టా, మానిటోబా రాష్ట్రాలు తమ ప్రావిన్షియల్ కోర్టు జడ్జీల జీతాలు తగ్గించాయి. అవి కూడా మన జిల్లా కోర్టుల్లా సామాన్యుడు మొదట వెళ్లే కోర్టులే. 1997లో అక్కడి సుప్రీంకోర్టు మూడు మాటలు చెప్పింది. జీతం పెంచాలన్నా తగ్గించాలన్నా ముందు స్వతంత్ర కమిషన్ దాన్ని పరిశీలించాలి. జడ్జీలు ప్రభుత్వంతో నేరుగా బేరమాడకూడదు. కమిషన్ సిఫార్సును ప్రభుత్వం కాదనవచ్చు, కానీ హేతుబద్ధమైన కారణాలు బహిరంగంగా చెప్పాలి, ఆ కారణాలను కోర్టు పరిశీలించవచ్చు. ఈ పద్ధతి కూడా వివాదాలను పూర్తిగా ఆపలేదు. 2005లో మళ్లీ సుప్రీంకోర్టుకే వెళ్లి, కమిషన్ సిఫార్సు కోర్టు తీర్పు లాంటిది కాదని, ప్రభుత్వ కారణాలు సబబైతే చాలని స్పష్టత తెచ్చుకోవాల్సి వచ్చింది. అయినా జీతం ఎంతో కోర్టే తేల్చాల్సిన అవసరం అక్కడ తగ్గింది. కోర్టు పద్ధతిని కాపాడుతుంది, అంకె జోలికి వెళ్లదు.

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం ఇంకో పాఠం నేర్పింది. అక్కడ 1999 నుంచి 2012 దాకా జడ్జీల జీతం ఒక్క డాలరు పెరగలేదు. శాసనసభ్యులు తమ జీతాల పెంపుతో, ఇతర రాజకీయ బేరాలతో జడ్జీల జీతాన్ని ముడిపెట్టారు. అలా ముడిపెట్టడం అధికార విభజనకు విరుద్ధమని 2010లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. ఆ తర్వాత నాలుగేళ్లకోసారి పనిచేసే కమిషన్ ఏర్పడింది. దాని సిఫార్సులను చట్టసభ అడ్డుకోకపోతే అవి వాటంతటవే చట్టమవుతాయి. నిష్క్రియతకు లాభం లేకుండా చేయడం ఆ ఏర్పాటులోని అసలు తెలివి. మన దగ్గర నిష్క్రియంగా ఉన్న రాష్ట్రానికి ఏళ్ల తరబడి డబ్బు మిగులుతుంది.

జీతం పెరిగితే న్యాయం బాగుపడుతుందా?

సామాన్యుడు అడిగేది ఇదే. జిల్లా కోర్టుల్లో నాలుగు కోట్లకు పైగా కేసులు పెండింగులో ఉన్నాయి. ఒక ఇంజంక్షన్ దావా తేలడానికి కొడుకుల తరం వచ్చేస్తుంటే జడ్జి జీతం గురించి కక్షిదారుకి ఎందుకు పట్టాలి?

సూటిగా చెప్పాలంటే, జీతం ఒక్కటే పెంచితే పెండింగు తగ్గదు. లంచం తీసుకునే మనసున్న మనిషి మంచి జీతంతో మారిపోడు. పది లక్షల జనాభాకు 50 మంది జడ్జీలుండాలని లా కమిషన్ 1987లో, సుప్రీంకోర్టు 2002లో చెప్పాయి. మంజూరైన పోస్టుల లెక్కన చూసినా ఇప్పటికీ మనం అందులో సగానికి రాలేదు, ఆ పోస్టుల్లో కూడా వేలల్లో ఖాళీలున్నాయి. సరిపడా జడ్జీలు, స్టెనోలు, కోర్టు హాళ్లు లేకుండా జీతం మీద మాత్రమే ఆశలు పెట్టుకుంటే అడుగంటిన చెరువులో తూము బాగుచేసినట్టే.

అయితే జీతం చేసే మేలు వేరే చోట ఉంది. ఎవరు పరీక్ష రాయడానికి ముందుకొస్తారన్నది జీతం నిర్ణయిస్తుంది. ఆస్తి లేని ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి, దూరపు ఊరి బదిలీని భరించి, ఒంటరిగా ఇల్లు నడుపుతూ జడ్జిగా నిలదొక్కుకోవాలంటే జీతం ఆ భారాన్ని మోయగలగాలి. జీతం చాలకపోతే ఆ కుర్చీ తాతల ఆస్తి ఉన్నవాళ్లకే మిగులుతుంది. అంతేకాదు, పైసాకు వెతుక్కోవాల్సిన పరిస్థితి లేని మేజిస్ట్రేటే, రాత్రి పదకొండింటికి ముద్దాయిని తెచ్చిన పోలీసు అధికారిని ‘ఈ దెబ్బలెక్కడివి?’ అని అడగగలడు. అలా అడగగలగడం జడ్జికి ఇచ్చిన సౌకర్యం కాదు, ఆ ముద్దాయి హక్కు.

ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఉండాలి. మెరుగైన జీతంతో పాటు ఆస్తుల వెల్లడి, పనితీరుపై హైకోర్టు తనిఖీ, తప్పు చేసినవారిపై త్వరగా చర్య ఉంటేనే జనం ఈ ఖర్చును తమ ఖర్చుగా ఒప్పుకుంటారు. న్యాయవ్యవస్థ ఈ బాధ్యతను జీతం అడిగినంత గట్టిగానే తీసుకోవాలి.

ఇక చేయాల్సింది

కేంద్ర ఉద్యోగులకు ఎనిమిదో వేతన సంఘం 2025లో ఏర్పడింది. పదేళ్ల లెక్క ప్రకారం జడ్జీల వేతనాలకూ 2026 జనవరి 1 నుంచే కొత్త విడత రావాలి. మళ్లీ పిటిషన్, మళ్లీ కమిషన్, మళ్లీ రాష్ట్రాల అభ్యంతరాలు, మళ్లీ బకాయిలకు వాయిదాలు అన్న దారి తొక్కితే ఈ విడత కూడా 2032 దాకా తేలదు.

నాలుగు పనులు చేస్తే ఈ చక్రం ఆగుతుంది. మొదటిది, పార్లమెంటు చట్టంతో శాశ్వత న్యాయ వేతన కమిషన్ ఏర్పడాలి. అందులో విశ్రాంత జడ్జీలతో పాటు ఆర్థికవేత్తలు, రాష్ట్రాల ప్రతినిధులు, న్యాయవృత్తితో సంబంధం లేని పౌరులు ఉండాలి. అప్పుడే జడ్జీల జీతం జడ్జీలే తేల్చుకున్నారన్న మాట పోతుంది. రెండోది, సిఫార్సు వచ్చిన ఆరు నెలల్లోగా ప్రభుత్వం కారణాలతో జవాబివ్వాలి, ఇవ్వకపోతే సిఫార్సు దానంతటదే అమల్లోకి రావాలి. మూడోది, కేంద్రం ఖర్చులో వాటా భరించాలి. నాలుగోది, ఆ కమిషన్ కార్యదర్శి జీతం నుంచి కిందికి లెక్క దించడం మాని, స్థానిక కోర్టులో పని ఎంత, అనుభవానికి వెల ఎంత, బదిలీల భారం ఎంత అని కింది నుంచి పైకి లెక్క కట్టాలి. 34.6 శాతం సరైనదే అని ఆ లెక్కలో తేలవచ్చు. తేలితే దాన్ని వారసత్వంగా కాకుండా కారణంతో నిలబెట్టుకుంటాం.

ఇదంతా జడ్జీలకు చేసే ఉపకారం అనుకుంటే పొరపాటు. ప్రభుత్వం మీద దావా వేసిన రైతు, పోలీసు మీద ఫిర్యాదు చేసిన మహిళ, బ్యాంకుతో తగువు పడ్డ చిరువ్యాపారి, వీళ్లందరూ మొదట చేరేది స్థానిక కోర్టుకే. చాలామందికి అదే చివరి కోర్టు కూడా. తమ కేసు వినే వ్యక్తి జీతం అవతలి పక్షం దయమీద ఆధారపడి లేదన్న నమ్మకం వాళ్లకు దక్కాలి. దాన్ని ప్రతి పదేళ్లకోసారి తీర్పుల ద్వారా సాధించుకోవడం కన్నా ఒక్కసారి చట్టంలో రాసేయడం మేలు.